మండువా ఉంచాలా, తీసేయాలా? మీ ఊళ్ళలో ఇళ్ళు ఎలా మారాయో చెప్పండి

గోదారిగట్టు (ఆదివారం, ఉదయం 7:20)

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి ఉంది. ఇప్పుడు అందులో అమ్మ ఒక్కతే ఉంటోంది. వీధి అరుగులు, లోపల నడుమ ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారా, ఓ పక్క వంటిల్లు, ఓ పక్క పడగ్గది, దక్షిణాన గాదె గది. వెనక పెరడు, నుయ్యి, పశువుల సావిడి. సావిడి కూలిపోయి పదేళ్ళయింది.

నాన్నగారూ బాబాయీ పంచుకున్నప్పుడు మండువా మధ్యలో నడుమెత్తు గోడ కట్టారు. వాననీళ్ళు పోయే తూము బాబాయి వైపు ఉండిపోయింది. అప్పట్నుంచి మా వైపు నీళ్ళు నిలిచి గోడ అడుగంతా చెమ్మ. ఏటా వానల ముందు పెంకు సర్దించాలి. ఆ పని చేసే మనిషి ముసలివాడైపోయాడు, ఇంకొకరు దొరకట్లేదు. కోతుల బెడద సరేసరి, ఒక్క పూటలో పాతిక ముప్పై పెంకులు పగులుతున్నాయి.

పోయిన నెల అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. రాత్రి రెండింటికి లేచి, చేతికర్రతో, జానెడెత్తు గడపలు మూడు దాటుకుని వెళ్ళాలి. "ఈ ఇల్లు నాకొద్దురా. రెండు గదుల స్లాబ్ వేయించు, బాత్రూం మంచం పక్కనే ఉండాలి" అంది. ఇది బయటివాళ్ళ మాట కాదు. యాభై ఏళ్ళు ఈ ఇంటిని ఊడ్చి, అలికి, ముగ్గేసిన మనిషి మాట.

పాత కలప కొనేవాళ్ళు రెండుసార్లు వచ్చారు. స్తంభాలు, ద్వారబంధాలు, దూలాలు లెక్కపెట్టుకుని రేటు చెప్పారు. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ అమ్మ మండువా స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఆ స్తంభం అక్కడ, సరిగ్గా వీపు ఆనే చోట, నున్నగా అరిగి నల్లగా మెరుస్తూ ఉంటుంది. నాలుగు తరాలవాళ్ళు ఆనుకున్న చోటు అది.

నాకు నిద్ర పట్టట్లేదు. ఉంచాలా, తీసేయాలా? మీ వైపు ఇలాంటి ఇళ్ళు ఏమయ్యాయి?

కాకినాడ తమ్ముడు (ఆదివారం, ఉదయం 8:05)

అన్నా, మా అమ్మమ్మగారి ఇల్లూ ఇదే కట్టుబడి. వానొస్తే నాలుగు చూర్ల నీళ్ళూ మండువాలోకి దూకేవి. మూలల్లో రేకు కింద గంగాళం పెట్టేవాళ్ళు, ఆ నీళ్ళతో కందిపప్పు వెన్నలా ఉడుకుతుందని. పన్నెండేళ్ళ క్రితం పడగొట్టి డాబా కట్టారు. ఇప్పుడు వానొస్తే ఎవరూ బయటికి చూడరు, కిటికీలు వేసేస్తారు. నాకైతే ఉంచమనే ఉంది.

జనగామ దారి (ఆదివారం, ఉదయం 10:40)

మా దిక్కు దీన్నే భవంతి అంటం. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, చుట్టూ అర్రలు, పెద్ద దర్వాజ, పైన గూన పెంకు. మా ఇల్లు ఒక్కరోజులో పోలేదు. ముక్కలు ముక్కలుగా పోయింది. అది ఎట్లా పోయిందో నాకు బాగా గుర్తుంది కాబట్టి రాస్తున్నా.

మొదట పోయింది గుమ్మి. వెదురుతో అల్లి, పేడ మట్టితో అలికిన పెద్ద గుమ్ములు రెండు ఉండేవి, మనిషి లోపలికి దిగితే తల కూడా కనిపించనంత ఎత్తు. ఏడాదికి సరిపడా వడ్లు అందులోనే. అవి ఎలుకల పాలు కాకుండా, తేమ తగలకుండా ఒక అర్రంతా వాటికే. తర్వాత కోత మిషన్ వచ్చింది. ఇప్పుడు వడ్లు మిషన్ నుంచి ట్రాక్టర్‌లోకి, ట్రాక్టర్ నుంచి ఐకేపీ కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. మా వడ్లు మా ఇంటి గడప తొక్కి ఎన్నేళ్ళయిందో. రైతు ఇంట్లోనే ఇరవై అయిదు కిలోల సంచిలో బియ్యం కొనుక్కొచ్చుకుంటున్నం. మరి గుమ్మి అర్రకు ఏం పని? బాపు దాంట్లో ఎరువు బస్తాలు వేసిండు, తర్వాత మోటారు సైకిల్ పెట్టిండు.

రెండోది కొట్టం. ఎడ్లు పోయినయి, బర్రె ఒక్కటి మిగిలింది, అమ్మకు చాతకాక అదీ అమ్మిండ్రు. పేడ లేకపోతే సాన్పి లేదు, అలుకు లేదు. అలుకు లేకపోతే మట్టి నేల దుమ్ము లేస్తది. అందుకే బండలు పరిచినం, తాండూరు బండలు. బండలు పరిచినంక గోడలు పాతగా కనిపించినయి. గోడలకు సిమెంటు కొట్టిచ్చినం. గోడలకు కొట్టిచ్చినంక పైకప్పు పాతగా కనిపించింది.

గోదారిగట్టు అన్నా, ఇల్లు పాతబడి పోతలేదు. అది చేసే పని పోతుంది, దాని వెనకనే ఇల్లు పోతుంది.

చౌడు మిద్దె (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

జనగామ దారి గారు చెప్పింది మా సీమకు ఇంకా బాగా సరిపోతుంది. మాది జమ్మలమడుగు దగ్గర. మట్టి మిద్దె. రెండడుగుల మందం రాతిగోడలు, పైన దూలాలు, వాటి మీద కట్టెలు అడ్డంగా పేర్చి, ఆకు అలుము పరిచి, మట్టి పోసి, ఆ పైన చౌడు. చౌడు మట్టి తడిస్తే బిగుసుకుంటుంది, నీళ్ళు దిగనీయదు. వెలుతురు కోసం మిద్దెకు గవాచి, అంటే పైకప్పులో చిన్న కంత. పొద్దున ఎనిమిదికి ఆ గవాచిలోంచి పడే ఎండ చెక్క ఎక్కడుందో చూసి మా జేజి టైం చెప్పేది. బడికి వేళయిందని గడియారం చూసి ఎప్పుడూ చెప్పలేదు.

మా ఇండ్లలో ఎద్దులు బయట కాదు, ఇంట్లోనే ఉండేవి. తలుపు తీయగానే ముందు భాగంలో గాడి, ఎద్దులు. ఒక మెట్టెక్కితే మనుషులు. రాత్రి ఎద్దు మెడ ఆడిస్తే గంట చప్పుడు, నెమరు వేసే చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్ళం. ఎద్దు విలువ తెలిసిన ఇల్లు అది. దొంగ భయం ఒకటి, ప్రేమ ఒకటి.

ట్రాక్టర్ వచ్చింది. ట్రాక్టర్ ఆ తలుపులో పట్టదు. అంతే కథ. ఎద్దులున్న చోటు ఖాళీ అయి, దాన్ని హాలు చేసి సోఫా వేశాం. కానీ గాడి ఉన్న నేల పల్లం కదా, ఎంత పూడ్చినా ఆ మెట్టు అట్లనే ఉంది.

ఏటా వానలకు ముందు మిద్దెకు చౌడు తోలాలి. అది వీధంతా కలిసి చేసే పని, బండ్లు కట్టుకుని చెరువు పక్కకు పోయి తవ్వుకొచ్చేవాళ్ళు. బండ్లు లేవు, కలిసొచ్చే మనుషులు లేరు. పైగా ఏటేటా పోసిన చౌడు బరువుకు దూలాలు వంగాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఏ మిద్దె దిగిందో అని భయం. నాయన స్లాబ్ వేయించాడు. తప్పు అనను. కానీ ఏప్రిల్, మే నెలల్లో మా ఊరు వచ్చి ఒక రాత్రి ఆ స్లాబ్ కింద పడుకొని చూడండి. పగలంతా తాగిన ఎండను అర్ధరాత్రి దాకా మన మీదికి వదులుతుంది. అదే వీధిలో ఒక పాత మిద్దె మిగిలుంది, మధ్యాహ్నమైతే ముసలోళ్ళంతా అందులోకి చేరతారు.

ఉంచండి అన్నా. చల్లదనం పోయినాక కొనుక్కోవాలంటే ప్రతి నెలా కరెంటు బిల్లు కట్టాలి.

పొయ్యిగడ్డ (ఆదివారం, సాయంత్రం 4:30)

మీ అందరి రాతలూ చదివాను. బాగున్నాయి. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మండువాలో వాన గుర్తుంది, గవాచిలో ఎండ గుర్తుంది. వంటింట్లో పొగ ఎవరికీ గుర్తు లేదేం?

మాది తెనాలి దగ్గర. పెంకుటిల్లే. మా వంటింటి వాసాలు నల్లగా, వేలు పెడితే జిగురుగా అంటుకునేవి. ఆ మసి అంతా మా అమ్మ ఊపిరితిత్తుల్లోనూ ఉంది. ఊదుగొట్టం పట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ వండిన ఆవిడకి యాభై దాటకుండానే ఆయాసం మొదలైంది. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు మా వీధిలో కొందరికి గ్యాస్ పొయ్యి వచ్చింది. మాకు అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది, అయినా నానమ్మ చాలాకాలం అన్నం మాత్రం కట్టెల మీదే వండించింది, రుచి పోతుందని.

మరుగుదొడ్డి లేని లోగిలి ఎంత అందంగా ఉంటే ఏం? మా అమ్మా పిన్నీ తెల్లారకముందు చెంబు పట్టుకుని వెళ్ళాలి, మళ్ళీ చీకటి పడేదాకా ఓర్చుకోవాలి. అందుకని మంచినీళ్ళు తాగడం మానేసేవాళ్ళు. నెలలో మూడు రోజులు పెరటి వసారాలో చాప. వీధి అరుగు మగవాళ్ళది, మండువా అందరిదీ, ఆడదానికి తలుపు వేసుకునే ఒక గది లేదు. ఇంటికి అలుకు అందం అంటారు, ఆ అలుకు వేసిన చేతుల్ని చూశారా? పుల్లలు గీసుకుపోయి చలికాలం పగుళ్ళు.

గోదారిగట్టు గారూ, మీ అమ్మగారు "వద్దు" అన్నారు. ఆ ఇంటి గురించి ఆవిడకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు ఈ చర్చలో లేరు.

పేట నుంచి (ఆదివారం, సాయంత్రం 6:10)

పొయ్యిగడ్డ గారికి ధన్యవాదాలు. మా సంగతి కూడా ఎవరో ఒకరు రాయాలి.

మాది కృష్ణా జిల్లా, మాలపల్లె. మాకు మండువా లేదు, భవంతి లేదు. తాటాకు గుడిసె, ఒకటే గది. మధ్యలో నిట్రాడు, వంగి లోపలికి వెళ్ళే గుమ్మం. వేసవిలో మాకు వేడి కంటే నిప్పు భయం ఎక్కువ. ఒక గుడిసెకి అంటుకుంటే గాలికి వరసంతా పోయేది. నేను మూడో తరగతిలో ఉండగా మా వరస తగలబడింది. అమ్మ నన్నూ చెల్లినీ కాలువలో నిలబెట్టి మళ్ళీ వెనక్కి పరిగెత్తింది, ట్రంకుపెట్టె కోసం. అందులో నాన్న చదువు సర్టిఫికెట్లు ఉన్నాయి. తెచ్చింది. చేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

తర్వాత కాలనీలో సిమెంటు ఇల్లు వచ్చింది. చిన్నది. ఎండాకాలం పొయ్యి మీద పెనంలా కాలుతుంది, నిజమే. కానీ దానికి నిప్పంటుకోదు. ఆ ఇంటికి ముందు నాన్న చిన్న వరండా వేయించాడు, అప్పు చేసి మరీ. అందులో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఊళ్ళో అరుగుల ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషికి ఆ కుర్చీ ఎంతో నాకు తెలుసు. మా వాళ్ళలో చాలామంది ఆ అరుగుల మీద ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోనివ్వలేదు.

అందుకే స్లాబ్ అంటే పట్నం చూసి నేర్చుకున్న మోజు అని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. గోదారిగట్టు గారూ, మీ ఇల్లు కూలగొట్టమని చెప్పట్లేదు. ఉంచితే ఆ అరుగు మీద అందరినీ కూర్చోనివ్వండి.

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 9:50)

పేట నుంచి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా అరుగు కూడా అలాంటిదే. మా పొలంలో పనిచేసిన పెద్దాయన కింద, మెట్టు పక్కన గొంతుక్కూర్చుని నాన్నగారితో లెక్కలు చూసుకోవడం చిన్నప్పుడు నా కళ్ళారా చూశాను. అది తప్పని ఆ వయసులో అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. దాచుకోవడానికి ఏమీ లేదు.

పొయ్యిగడ్డ గారూ, ఈ సాయంత్రం ఫోన్ చేసి అమ్మని సరిగ్గా అడిగాను, ఇంట్లో నీకు ఏది వద్దు, ఏది కావాలి అని. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట. చాలాసేపు చెప్పింది. రేపు రాస్తాను.

చుట్టిల్లు (సోమవారం, ఉదయం 6:45)

మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం ఒడ్డు. మా ఇళ్ళు గుండ్రంగా ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగులా తాటాకు కప్పు, చూరు మోకాలి దాకా దిగి ఉంటుంది. తుపాను గాలి ఆ చుట్టుగోడని పట్టుకోలేదు, పక్కకి జారిపోతుంది. పైన అటక మీద బియ్యం, వలలు, ఎండు చేపలు. మా తాతలు ఇంజనీరింగ్ చదవలేదు, గాలిని చదివారు.

మరి ఎందుకు మానేశాం అంటే చాలా కారణాలు ఉన్నాయి. కప్పు మూడు నాలుగేళ్ళకోసారి మార్చాలి, ఆకు కొట్టేవాళ్ళు లేరు, నేసేవాళ్ళు లేరు. నిప్పు భయం మాకూ ఉంది. ప్రభుత్వం ఇచ్చే ఇల్లు నాలుగు మూలలది. కానీ నేను దగ్గరగా చూసిన కారణం ఒకటి చెబుతాను. అక్క పెళ్ళికి ముందు నాన్న ఇనప బీరువా కొన్నాడు. దాన్ని గుండ్రటి గోడకి ఎక్కడ ఆనించినా వెనకాల సందు మిగిలింది. మంచం వేసినా అంతే. ఆ సందులో పిల్లి ఈనింది. అమ్మ నవ్వింది కానీ నాన్న నవ్వలేదు. మరుసటి ఏడు పలక గోడలతో ఇల్లు మొదలుపెట్టాడు. సామాన్లు లేని బతుక్కి కట్టిన ఇల్లు, సామాన్లు రాగానే చాలకుండా పోయింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా రేకుల షెడ్లు కాగితాల్లా ఎగిరాయి. స్లాబ్ ఇళ్ళు నిలబడ్డాయి, ఊరంతా వాటిలోనే తలదాచుకుంది. నాలుగు మూలల ఇంటికి స్లాబ్ ఉంటే సరే. స్లాబ్‌కి డబ్బు చాలక రేకు వేసుకున్నవాళ్ళకి చుట్టింటి రక్షణా పోయింది, స్లాబ్ రక్షణా రాలేదు. ఎక్కువమంది ఉన్నది అక్కడే.

తాపీపని (సోమవారం, ఉదయం 11:30)

నేను సివిల్ ఇంజనీర్ని, నాన్న తాపీమేస్త్రి. ఆయన దగ్గర నేర్చుకున్నది కాలేజీలో నేర్చుకున్నదాని కంటే ఎక్కువ. గోదారిగట్టు గారికి పనికొచ్చేవి నాలుగు మాటలు.

అన్నిటికంటే ముందు, చెమ్మ పట్టిన గోడకి సిమెంటు కొట్టించకండి. ఎవరు చెప్పినా వినకండి. మీ గోడలు మట్టో, సున్నంతో కట్టిన ఇటుకో అయి ఉంటాయి. సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది, తడి పీల్చి ఎండకి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఉండిపోయి గోడని తినేస్తుంది. రెండు మూడేళ్ళకి సిమెంటు పెచ్చులుగా ఊడుతుంది, దాంతో పాటు గోడ కూడా ఊడి వస్తుంది. పాతకాలంలో గానుగలో ఆడించిన సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపేవాళ్ళు. అంత చేయలేకపోయినా మామూలు సున్నం, ఇసుకతోనే పూయించండి.

మీ చెమ్మకి అసలు కారణం మీరే రాశారు, తూము. మండువాకి తూము ప్రాణం. అడ్డుగోడ తీయిస్తారో, దాని కింద నుంచి గొట్టం వేయిస్తారో, ఆ నీళ్ళకి దారి ఇస్తే గోడ బాగుపడటం మొదలవుతుంది.

పైకప్పు మొత్తం విప్పక్కర్లేదు. చెద పట్టేది సాధారణంగా వాసం గోడలో దిగే చివర. ఆ చివరలు చూసుకుని పోయినవి మార్చండి. మీది మంగళూరు పెంకు అయితే ఇంకా సులువు, ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుంటుంది. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు ఫ్యాక్టరీ పెట్టి తయారు చేయడం మొదలుపెట్టారు. మన ముత్తాతల "పాత ఇల్లు" కూడా ఆ రోజుల్లో కొత్త ఫ్యాషనే, గూన పెంకు పోయి ఫ్యాక్టరీ పెంకు వచ్చింది.

బాత్రూం మాత్రం పాత గోడ లోపల పెట్టకండి. బయట గోడకి ఆనుకుని కొత్త ఇటుకతో కట్టి, పాత గోడలోంచి తలుపు ఒక్కటి తీయండి. నీటి గొట్టాలన్నీ కొత్త గోడలోనే ఉండాలి.

కొత్తగా కట్టాల్సి వస్తే అచ్చంగా స్లాబే వేయాలని లేదు. కేరళలో స్థిరపడిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ స్లాబ్ మధ్యలో పాత పెంకులు పెట్టి వేసే పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చారు. కాంక్రీటు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. మీరు దించే పెంకులు దానికి పనికొస్తాయి.

చౌడు మిద్దె (సోమవారం, మధ్యాహ్నం 12:20)

పొయ్యిగడ్డ అక్కా, నిన్న నేను "ఉంచండి" అని తొందరగా రాశాను. మా మిద్దెలో వంట అంతా గవాచి కింద పొయ్యి మీదనే జరిగేది, పొగ అట్నుంచి పోవాలని. సగమే పోయేది. జేజి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, అది వయసు వల్ల అనుకున్నాను.

పొయ్యిగడ్డ (సోమవారం, మధ్యాహ్నం 2:00)

తమ్ముడూ, చల్లదనం విషయంలో నువ్వు చెప్పింది నిజమే. నేను ఇప్పుడుంటున్న గుంటూరు ఫ్లాట్‌లో మే నెల ఎలా గడుస్తుందో నాకు తెలుసు. నాకు కోపం ఇంటి మీద కాదు, ఆ ఇంట్లో పని పంచుకున్న తీరు మీద.

దూరపు ఊరు (సోమవారం, రాత్రి 8:15)

నేను డాలస్‌లో ఉంటాను, మాది కరీంనగర్ దగ్గర. పాత పెంకుటిల్లు తీసేసి అమ్మానాన్నలకు డూప్లెక్స్ కట్టించాను. గ్రానైట్, మాడ్యులర్ కిచెన్, పైన నాకూ చెల్లికీ ఏసీ గదులు. ఫోన్‌లో ఒక్కో ఫోటో చూసి టైల్స్ నేనే ఎంచుకున్నాను.

ఇప్పుడు పరిస్థితి చెబుతాను. పై గదులకు ఏడాదిలో పదకొండు నెలలు తాళం. అమ్మ వంట వెనక రేకు కింద ఇంకో గ్యాస్ పొయ్యి మీద, కిచెన్ మాసిపోతుందని. నాయన గేటు బయట కల్వర్టు మీద కూర్చుంటడు, ఎందుకంటే లోపల నుంచి వీధి కనిపించదు, ప్రహరీ ఆరడుగులు. ఎత్తు పెంచమని నేనే చెప్పాను, సేఫ్టీ అని. పోయిన వానకాలం అమ్మ తడి గ్రానైట్ మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఆ ఇల్లు నేను వాళ్ళ కోసమే కట్టాను. కానీ వాళ్ళు పొద్దున్నుంచి రాత్రి దాకా ఎక్కడ కూర్చుంటరు, ఎక్కడ నడుస్తరు, ఎవరితో మాట్లాడతరు అని ఒక్కసారి అడగలేదు. వచ్చే నెల వస్తున్నా. గేటు పక్కన ప్రహరీ పది అడుగులు కొట్టించి, అక్కడ రెండు వైపులా గద్దెలు కట్టిస్తా, వీధికి కనిపించేటట్టు. నేల మీద గరుకు బండలు వేయిస్తా.

గోదారిగట్టు (బుధవారం, రాత్రి 10:30)

రెండు రోజులు ఆలస్యమైంది, ఊళ్ళోనే ఉన్నాను.

అమ్మకి వద్దన్నవి: గడపలు, పెరటి చివర దొడ్డి, చెమ్మ వాసన, ఒక్కతీ ఊడవాల్సిన వసారా. కావాలన్నవి: మంచం పక్కన బాత్రూం, తలుపు వేసుకునే గది, మండువా. మండువా ఎందుకమ్మా అంటే, "పొద్దున్నే లేచి ఆకాశం చూసుకోకపోతే ఎలా?" అంది. మొదటి రోజు "ఈ ఇల్లు నాకొద్దు" అన్నప్పుడు నేను అంతా వద్దంటోందనుకున్నాను.

గాదె గది తెరిచాం. జనగామ దారి తమ్ముడు చెప్పినట్టే, అందులో పాత న్యూస్‌పేపర్లు, విరిగిన ఉయ్యాల బల్ల, పురుగు మందు డబ్బాలు. గాదె చెక్కలకి లోపలివైపు సుద్దతో గీతలు ఉన్నాయి, ఎన్ని బస్తాలు పోశారో లెక్క. కొన్ని తాతగారి చేతివి, కొన్ని నాన్నగారివి. ఆ గదే అమ్మ గది చేస్తున్నాం. తాపీపని గారు చెప్పినట్టు దాని దక్షిణ గోడకి బయట కొత్త ఇటుకతో బాత్రూం. గోడలో తలుపు తీయడానికి నిన్న మేస్త్రి వచ్చి కొలిచాడు. మూడడుగుల వెడల్పు, చక్రాల కుర్చీ అవసరమైనా పట్టేట్టు. గడప ఉండదు. మిగతా రెండు గడపలకి చెక్క వాలు వేయిస్తున్నాం.

నిన్న బాబాయితో మాట్లాడాను. అడ్డుగోడ తీయడానికి ఆయన ఒప్పుకోలేదు. పంపకాల నాటి మాటలు ఇంకా ఉన్నాయి. కానీ కింద నుంచి నాలుగంగుళాల గొట్టం వేసి మా నీళ్ళు ఆయన తూములో కలపడానికి సరేనన్నాడు. మేస్త్రి గోడ కింద తవ్వుతుంటే ఆయన తన వైపు నుంచి గునపం పట్టుకుని వచ్చాడు, "ఇటు రాయి ఉంది, ఇటు నుంచి పొడవాలి" అని. మధ్యాహ్నం దాకా గోడకి చెరో వైపు తవ్వాం. అమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది, గోడ మీద నుంచి.

కలపవాళ్ళకి వద్దని చెప్పేశాను. పడిపోయిన సావిడి దూలాలు మాత్రం ఇచ్చాను. ఆ డబ్బు పెంకు పనికి.

మిగిలింది పెంకు సర్దే మనిషి. పాలకొల్లు, నరసాపురం వైపు ఎవరైనా ఉంటే చెప్పండి. మా పాత మనిషి పైకి ఎక్కలేడు కానీ కింద నిలబడి చూపిస్తానన్నాడు. వానలు పడేలోపు అయిపోవాలి.

కాకినాడ తమ్ముడు (బుధవారం, రాత్రి 10:55)

మా వైపు ఒకాయన ఉన్నాడన్నా, రామచంద్రపురం దగ్గర గుళ్ళకి, పాత ఇళ్ళకి వేస్తాడు. కొడుకుని కూడా పనిలో పెట్టాడు. నంబరు మెసేజ్‌లో పెడతాను. రోజు కూలీ, రానూపోనూ బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం అడుగుతాడు.

గోదారిగట్టు (బుధవారం, రాత్రి 11:02)

భోజనం అరుగు మీదే పెడతాం తమ్ముడూ, అందరం కలిసి కూర్చుని. శుక్రవారం రమ్మని చెప్పు.